కోనసీమకి 38 డిగ్రీలకే రెడ్ అలర్ట్ ఇవ్వాలా?

అంబాజీపేట అబ్బాయి:
మొన్న సాయంత్రం ఫోన్‌కి వచ్చిన వడగాడ్పుల జాబితాలో మెట్ట మండలాలు ఉన్నాయి, మా మండలం లేదు. మాకు 38 అని మాత్రం ఉంది. మే నెలలో 38ని మా దగ్గర ఎవరూ లెక్కచేయరు. మా బాబాయి కూడా పొద్దున్నే కొబ్బరి వలుపుకి వెళ్లిపోయాడు. పదకొండున్నరకి నేను క్యారేజీ పట్టుకెళ్లేసరికి రేకుల షెడ్డులో గునపం ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో కాయ ఉంది, వలవట్లేదు. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. "బాబాయ్" అని పిలిస్తే నన్ను మా నాన్న పేరు పెట్టి పలికాడు. కాలువ కట్టేశారు కదా, పరిగెత్తి బోరు కొట్టి బిందెలతో నీళ్లు తెచ్చి ఒంటి మీద పోశాం. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇప్పుడు కోలుకున్నాడు, కానీ ఆ గంట సంగతి ఏమీ గుర్తులేదంటున్నాడు.

అందుకే అడుగుతున్నాను. డెల్టాకి హెచ్చరిక ఇవ్వడానికి థర్మామీటరు ఒక్కటీ చాలా? ఉక్కపోతని కూడా లెక్కలోకి తీసుకుని 38కే రెడ్ అలర్ట్ ఇవ్వాలని నా అభిప్రాయం.

గాలివాటు:
మీ బాధ అర్థమైంది అన్నా. మీ మండలం పేరు ఎందుకు రాలేదో అర్థం కావాలంటే భారత వాతావరణ శాఖ కొలమానం చూడాలి. మైదానంలో 40, తీరంలో 37 దాటడం మొదటి మెట్టు మాత్రమే. ఆ పైన ఆ ఊరికి ఆ రోజుల్లో ఉండే మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. మామూలే 37 ఉన్న చోట 41.5 వస్తే తప్ప వడగాడ్పు కాదన్నమాట. అదీ ఆ వాతావరణ ఉపవిభాగం (మనకైతే కోస్తా ఆంధ్ర) మొత్తంలో కనీసం రెండు స్టేషన్లలో, వరసగా రెండు రోజులు ఉంటేనే ప్రకటిస్తారు.

రాత్రి సంగతి మరీ అన్యాయం. 'వెచ్చని రాత్రి' అని చెప్పాలంటే ముందు ఆ పగలు 40 తగిలి ఉండాలి. పగలు 38, రాత్రి 31 ఉన్న ఊరు ఆ లెక్కలోకే రాదు. మన డెల్టాలో మనుషులు నలిగిపోయేది సరిగ్గా అలాంటి రోజుల్లోనే.

తణుకు మాస్టారు:
నేను ఒప్పుకోను. 2015 మే చివరి వారం అప్పుడే మర్చిపోయారా? ప్రభుత్వ లెక్కల్లోనే ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా పోయారు. ఆ వారం మనుషుల్ని చంపింది ఉక్క కాదు, పడమటి గాలి. సముద్రపు గాలిని లోపలికి రానివ్వలేదు. మా వీధిలో మధ్యాహ్నం తలుపు తీస్తే మొహానికి పొయ్యి సెగ కొట్టినట్టుండేది.

38కే రెడ్ అలర్ట్ ఇస్తే ఏప్రిల్ సగం నుంచి మృగశిర దాకా కోనసీమ మ్యాపు ఎర్రగానే ఉంటుంది. తీరా నిజంగా పడమటి గాలి తిరిగిన రోజున ఆ రంగు ఎవరు చూస్తారు బాబూ? నాన్నా పులి కథే అవుతుంది. హెచ్చరికకి విలువ ఉండాలంటే అది అరుదుగా రావాలి.

గాలివాటు:
మాస్టారూ, 2015 గురించి మీరన్నది అక్షరాలా నిజం. కానీ ఒంటికి తెలిసే వేడి వేరు. చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, అది ఆరితేనే చల్లబడుతుంది. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే వచ్చే అంకె, చెమట ఎంత ఆరగలదో చెబుతుంది. 43 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉంటే ఆ తడి అంకె 25 దగ్గర ఆగుతుంది. 37 డిగ్రీల వేడి, 55 శాతం తేమ ఉంటే 29 దాటుతుంది. అది 35కి చేరితే నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకి మించి తట్టుకోలేడంటారు. పని చేసేవాడి పరిమితి అంతకన్నా చాలా కింద ఉంటుంది. 2023 ఏప్రిల్‌లో నవీ ముంబైలో బహిరంగ సభకి వచ్చి పది మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. ఆ రోజు అక్కడ వేడి 38 దరిదాపుల్లోనే ఉంది.

సూచనలో అసలు కష్టం కూడా చెప్పాలి. పడమటి గాలి బలపడుతుందన్న సంగతి నాలుగైదు రోజుల ముందే తెలుస్తుంది. సముద్రపు గాలి ఎన్నింటికి తిరుగుతుందో పట్టుకోవడమే కష్టం. అది పదకొండింటికే అమలాపురం చేరితే వేడి అక్కడితో ఆగి తేమ పెరుగుతుంది. రెండింటి దాకా రాకపోతే అంతవరకూ వేడి ఎక్కుతూనే ఉంటుంది. మనం ఎదురుచూసే ఆ గాలే తేమని మోసుకొస్తుంది. ఆరుబయట ఉన్నవాడికి హాయి. మూడు వైపులా రేకులు కట్టిన షెడ్డులోకి గాలి రాదు, తేమ ఒక్కటే వస్తుంది. మీ బాబాయి విషయంలో జరిగింది ఇదే అయ్యుంటుంది.

పీహెచ్‌సీ నర్సు:
చర్చ మధ్యలో ఒక మాట. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. పని చేస్తూ పడిపోయేవాళ్లకి ఒళ్లు తడిగానే ఉండొచ్చు. మాట తడబడటం, ఎదుటి మనిషిని పోల్చుకోలేకపోవడం చూడండి. అలా ఉన్నప్పుడు బలవంతంగా నోట్లో మజ్జిగ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు ఒంటి మీద నీళ్లు పోసి గాలి తగలనివ్వండి, 108కి ఫోన్ చేయండి. అబ్బాయి గారూ, మీరు చేసింది సరైన పని. బాబాయి గారిని మాత్రం డాక్టరు చెప్పేదాకా పనికి పంపకండి.

హెచ్చరిక విషయంలో నేను అబ్బాయి గారి వైపే. మా దగ్గరకి వచ్చే ముసలివాళ్లు ఎండలో తిరిగినవాళ్లు కారు. పగలంతా కాగిన స్లాబు కింద, రాత్రి నిద్ర లేక, మూడో రోజుకి నీరసించి వస్తారు. ఇంట్లోనే పోతే గుండె ఆగిందని అంటారు. వడదెబ్బ అని ఎవరికీ తోచదు, ఏ లెక్కలోకీ ఎక్కదు.

ముమ్మిడివరం ఆడపడుచు:
మా ఆయన చెట్లెక్కి కొబ్బరికాయల దింపుకి వెళ్తాడు, నేను వలుపు షెడ్డులో కాయలు పోగేస్తానండి. ఎరుపు వచ్చినా పసుపు వచ్చినా మాకు తేడా ఏముందండి? కాయల లెక్కన కూలి. లారీ నిండేదాకా షావుకారు కదలనివ్వడు. ఉపాధి పనికైతే పొద్దున్నే వెళ్లి ఎండెక్కకముందే ఇంటికొస్తారు, దానికో వేళ ఉంది. షెడ్డుకి ఏ వేళా లేదు. రంగు గురించి మీరెంత వాదించుకున్నా, ఫలానా గంటకి పని ఆపాలి అని షావుకారుకి చెప్పేవాళ్లు లేకపోతే మాకు ఒరిగేదేమీ లేదండి.

భీమవరం చెరువు:
ఆవిడ మాట చదివాక రాయాలనిపించింది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతాం. మీటరు పెట్టి చూస్తాం, కరెంటు పోతే టెన్షన్‌తో జనరేటర్ దగ్గరకి పరిగెడతాం. అదే గట్టు మీద రేకుల పాకలో పడుకునే కాపలా మనిషికి ఆ రాత్రి ఎలా గడిచిందని నేను ఒక్కనాడూ అడగలేదు. ఇవాళ అడిగాను. మూడు రాత్రులుగా గట్టు మీదే కూర్చుని తెల్లవారుస్తున్నానన్నాడు.

తణుకు మాస్టారు:
నర్సమ్మా, ఆడపడుచు గారూ, మీరు చెప్పింది చదివాక నా వాదన కొంత మార్చుకుంటున్నాను. ఉక్కకి హెచ్చరిక కావాలి. కానీ ఆ రంగు వద్దు. రెడ్ అలర్ట్‌ని వడగాడ్పుకే ఉంచండి. ఉక్కకి వేరే పేరు పెట్టి, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా బరువు పని వద్దో రాయండి. రెండూ ఒకే గంపలో వేస్తే రెంటికీ విలువ పోతుంది.

గాలివాటు:
ఆ పేరు దగ్గరే చిక్కంతా ఉంది మాస్టారూ. 'వేడి, ఉక్కపోత వాతావరణం' అని ఇప్పటికీ బులెటిన్లలో వస్తూనే ఉంది. అది చదివి ఎవరైనా పని ఆపారా? ఉక్కపోత అంటే మనకి చిరాకు, విసనకర్ర. ప్రాణం మీదికి వచ్చేదని ఎవరికీ అనిపించదు. రంగు ఇవ్వకపోతే అధికారులూ కదలరు. వాతావరణ శాఖ 2023లో వేడినీ తేమనీ కలిపిన హీట్ ఇండెక్స్‌ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. దాన్ని మండలం దాకా తెచ్చి, రాత్రి వేడినీ కలిపి, వరసగా మూడో రోజు నుంచి రంగు పెంచమంటాను. అప్పుడు సీజనంతా ఎర్రగా ఉంటుందన్న మీ భయమూ తీరుతుంది.

తణుకు మాస్టారు:
మూడో రోజు నుంచి అయితే ఆలోచించదగ్గదే. రంగు సంగతిలో మాత్రం నా మాట నాదే.

అంబాజీపేట అబ్బాయి:
ఇవాళ షెడ్డుకి రెండు థర్మామీటర్లు పట్టుకెళ్లాను. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి విసనకర్రతో విసిరాను. పదింటికి పొడిది 35, తడిది 29. ఒంటిగంటకి పొడిది 38, తడిది 30 దాటింది. కాగితం మీద రాసి షావుకారుకి చూపించాను. సముద్రపు గాలి వచ్చే వైపు రేకులు విప్పించడానికి ఒప్పుకున్నాడు. పన్నెండు నుంచి మూడున్నర దాకా పని ఆపమంటే మాత్రం లారీ అన్నాడు. రోహిణి కార్తె ఇంకా ఐదు రోజులుంది. రేపు మళ్లీ వెళ్తాను, అంకెలు ఇక్కడే పెడతాను. ముమ్మిడివరం అక్కా, మీ షెడ్డుకి కూడా ఒక జత కావాలంటే చెప్పండి, తెచ్చిస్తాను.