అల్లాయ్ వీల్ బోల్టులు రెండు వదులయ్యాయి, ఎలా బిగించాలి?

నాది 2016 ఫోక్స్‌వ్యాగన్ పోలో కారు. పోయిన వారం బయట షాపులో కొత్త అల్లాయ్స్ వేయించాను. కుర్రాడు కారు జాకీ మీద ఉండగానే గన్‌తో టర్రుమని ఐదు బోల్టులూ బిగించేసి పంపేశాడు. హైదరాబాద్ నుంచి సూర్యాపేట వెళ్లి వచ్చాక ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్ అని శబ్దం, పానా పెట్టి చూస్తే రెండు బోల్టులు పావు చుట్టు తిరిగాయి! అప్పటినుంచి ఒకటే టెన్షన్.

ఈ కారుకి నట్లు కాదు, నేరుగా హబ్‌లోకి (చక్రాన్ని బిగించే మధ్య భాగం) వెళ్లే 17 సైజు బోల్టులు. 120 న్యూటన్ మీటర్ల టార్క్‌తో (తిప్పే బలం) బిగించాలని తెలుసు, ఆ బలాన్ని కొలిచి బిగించే పానా, అదే టార్క్ రెంచ్ కూడా కొన్నాను. నా అనుమానం వేరే. కంపెనీ బోల్టుకి తల కింద గుండ్రంగా గోళీలా ఉంటుంది, కొత్త అల్లాయ్ రంధ్రం మాత్రం గరాటులా ఏటవాలుగా కనిపిస్తోంది. షాపువాడు పాత బోల్టులే వాడాడు. రంధ్రం అంచు మీద బోల్టు సన్నటి గీతలా మాత్రమే ఆనిన గుర్తు ఉంది. వదులవడానికి కారణం ఇదేనా, ఏటవాలు బోల్టులు కొనాల్సిందేనా? పొడవు కూడా చూసుకోవాలా?

ఇంకోటి, మరలకి గ్రీజు రాయమని మా బావగారు అంటున్నారు, రాస్తే అదే టార్క్‌కి ఎక్కువ బిగుసుకుపోతుందేమోనని నా భయం. నక్షత్రం ఆకారంలో ఒకటి వదిలి ఒకటి బిగించి, చక్రం నేలకి ఆనాక ఫైనల్‌గా టార్క్ పెడితే సరిపోతుందా? మళ్లీ ఎన్ని కిలోమీటర్లకి చూసుకోవాలి?

ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, అప్పటిదాకా బండి తియ్యట్లేదు.