పాపకి కోచ్ రాత్రిపూట మెసేజ్‌లు పెడుతున్నాడు, అడిగితే ఏడుస్తోంది. ఏం చేయాలి?

అజ్ఞాత సభ్యురాలు (ప్రశ్న):
మా పాపకి 12 ఏళ్లు. ఈత పోటీలకు కోచింగ్ తీసుకుంటోంది. పాపలో టాలెంట్ ఉందని కోచ్ మొదటి నుంచీ మెచ్చుకుంటుంటే మాకూ సంతోషంగానే ఉండేది. ఈమధ్య ప్రాక్టీస్ అయ్యాక అందరినీ పంపేసి తనొక్కదాన్నే ఉండమంటున్నాడు. కొత్త గాగుల్స్ కొనిచ్చాడు. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్ మోగితే చూశాను, ఆయన మెసేజే. తెరిచి చదివేలోపే మాయమైపోయింది. అడిగితే పాప ఏడ్చేసి "ఏం లేదమ్మా, సార్‌ని ఏమీ అనకు, టీమ్‌లోంచి తీసేస్తారు" అంది. మా వారేమో "ఆధారం లేకుండా ఒక మనిషి మీద నింద ఎలా వేస్తాం?" అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. నేరుగా ఆయన్నే అడిగేయనా?

సభ్యుడు:
అడగడం ఏంటండీ! నలుగురిని వెంటబెట్టుకెళ్లి కాలర్ పట్టుకోండి.

పిల్లలకు కౌన్సెలింగ్ చేసే సభ్యురాలు:
వద్దండీ. కోపం రావడం సహజమే. కానీ మీరు అడిగిన మరుక్షణం ఆయన చేసే మొదటి పని మెసేజ్‌లు చెరిపేయడం, రెండోది పాప మీద ఒత్తిడి పెట్టడం. ఆయనతో మీరేమీ మాట్లాడకండి. ఈ రోజు నుంచి పాప అక్కడ ఒంటరిగా ఉండకుండా చూడండి, చాలు. కారణం అడిగితే ఇంట్లో పని ఉందని చెప్పండి.

మీ వారి మాటకు నా జవాబు ఇది: నేరం జరిగిందని నిరూపించడం మీ పని కాదు. మీకు తెలిసింది చెప్పడం వరకే మీ బాధ్యత, విచారణ పోలీసులు చేసుకుంటారు. మీరు రాసినవన్నీ కలిపి చూడండి. పొగడ్త, బహుమతి, ఒంటరిగా ఉంచుకోవడం, అమ్మానాన్నలకు తెలియని మాటలు, సెలక్షన్ భయం. పిల్లల్ని మెల్లగా లొంగదీసుకునేవాళ్లు వేసే అడుగులు దాదాపు ఇవే. విడివిడిగా చూస్తే ఒక్కోదానికీ ఒక్కో మంచి కారణం చెప్పొచ్చు, అందుకే ఇంట్లోవాళ్లు ఆలోచనలో పడిపోతారు. పిల్లల కన్నా ముందు తల్లిదండ్రుల నమ్మకం సంపాదించడం కూడా ఇందులో భాగమే.

ఇక పాపతో మాట్లాడటం. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేయకండి. కలిసి నడుస్తున్నప్పుడో, ఏదో పని చేసుకుంటున్నప్పుడో "ఈమధ్య ప్రాక్టీస్‌లో నీకు ఇబ్బందిగా అనిపించింది ఏమైనా ఉందా?" అని అడిగి ఆగండి. మధ్యలో వచ్చే మౌనాన్ని మీరు నింపకండి. "సార్ నిన్ను ముట్టుకున్నాడా?" లాంటి ప్రశ్నలు అస్సలు వద్దు. జవాబు మనమే అందించినట్టవుతుంది, రేపు కోర్టులో "తల్లే నేర్పింది" అంటారు. తను చెప్పింది తన మాటల్లోనే, తేదీ వేసి, అదే రోజు రాసి పెట్టుకోండి. మళ్లీ మళ్లీ చెప్పించకండి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. "నిన్ను నమ్ముతున్నాను, ఇందులో నీ తప్పేమీ లేదు, నిన్ను కాపాడగలిగేవాళ్లకు మాత్రం చెబుతాను" అనండి. "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నది మాత్రం నోటి దాకా వచ్చినా మింగేయండి.

ఒకేసారి అంతా చెబుతుందని ఆశించకండి. పిల్లలు కొంచెం చెప్పి మన ముఖం చూస్తారు. కొందరు మర్నాడు "నేను ఊరికే అన్నాను" అని వెనక్కి తీసుకుంటారు. అంతమాత్రాన మొదట చెప్పింది అబద్ధమైపోదు.

మెసేజ్ మళ్లీ వస్తే ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి, ఎందుకంటే కొన్ని యాప్‌లలో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాళ్లకు తెలిసిపోతుంది. పాపలా నటిస్తూ మీరు జవాబులు పెట్టకండి. ఒకవేళ శారీరకంగా ఏదైనా జరిగిందని, అదీ ఈ రెండు మూడు రోజుల్లోనే అని తెలిస్తే ఆధారాలు చెరిగిపోకుండా స్నానం, బట్టలు ఉతకడం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి.

అజ్ఞాత సభ్యురాలు:
చాలా థ్యాంక్స్ అండీ. క్లబ్ సెక్రటరీ తెలిసినవారే. ముందు ఆయనకి చెబితే లోపలే సర్దుతారు కదా అంటున్నారు మా వారు.

క్రీడా చట్టాల మీద పనిచేసే సభ్యుడు:
"లోపలే సర్దడం" ఎక్కడికి దారి తీస్తుందో అమెరికా జిమ్నాస్టిక్స్ చూపించింది. టీమ్ డాక్టర్ లారీ నాసర్ వైద్యం పేరుతో పిల్లల్ని లైంగికంగా వేధిస్తున్నాడన్న ఆరోపణలు 2015లోనే ఆ క్రీడా సంఘానికి తెలిశాయి. వాళ్లు కొన్ని వారాలు సొంతంగా విచారించుకుని, తర్వాత అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి చెప్పారు. అక్కడ ఫైలు కదల్లేదు. 2016 సెప్టెంబర్‌లో బాధితుల్లో ఒకరైన మాజీ జిమ్నాస్ట్ రేచల్ డెన్‌హాలండర్ తన పేరు బయటపెట్టి పత్రికతో మాట్లాడేదాకా అతను పిల్లలకు వైద్యం చేస్తూనే ఉన్నాడు. ఆ మధ్యకాలంలోనే 70 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది బాధితులయ్యారని అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2021 నివేదికలో రాశారు.

కాబట్టి ముందు పోలీసులు లేదా బాలల రక్షణ విభాగం, ఆ తర్వాతే క్లబ్. క్లబ్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. ఒక చోట కదలిక లేకపోతే రెండో చోట ఇవ్వండి.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. ఇండియాలో అయితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. పిల్లల మీద లైంగిక నేరాల కోసం తెచ్చిన పోక్సో చట్టం (2012) ప్రకారం ఇలాంటి నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం ఉన్నా పోలీసులకు చెప్పాలి. తెలిసీ దాస్తే శిక్ష ఉంది, మీ సెక్రటరీకి కూడా. పాప వాంగ్మూలం ఇంట్లోనే ఇవ్వొచ్చు, తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో రాకూడదు. పేరు, ఫొటో, స్కూలు వివరాలు మీడియాలో రాకూడదు. స్టేషన్ మెట్లు ఎక్కాలంటే భయపడేవాళ్లకు ఈ విషయాలు తెలియకే సగం టెన్షన్.

సభ్యురాలు:
కొంచెం పక్కదారి ప్రశ్న. మా బంధువుల అబ్బాయికి 17. కోచ్ ఆవిడతో "ఇష్టపడే" ఉన్నానంటున్నాడు. ఇది కూడా ఇందులోకే వస్తుందా?

క్రీడా చట్టాల మీద పనిచేసే సభ్యుడు:
వస్తుంది. ఇండియాలో 18 లోపు ఇష్టానికి చట్టంలో విలువ లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 16 నిండితే చాలు గానీ, కోచ్‌లకు ఆ వెసులుబాటు ఉండకూడదని 2022లో చట్టం మార్చారు. జట్టులో ఉంచాలా తీసేయాలా అన్నది అవతలి మనిషి చేతిలో ఉన్నప్పుడు ఇష్టం అన్న మాటకి అర్థం వేరు. కోచ్ ఆడమనిషి, పిల్లవాడు మగపిల్లాడు అయినంత మాత్రాన ఏమీ మారదు.

బ్యాడ్మింటన్ కోచ్:
కోచ్‌గా నా మాట. ఆటలో ముట్టుకోకుండా నేర్పడం అన్నిసార్లూ కుదరదు. భుజం ఎలా తిప్పాలో పట్టుకునే చూపించాలి. కానీ అది ముందు చెప్పి, అడిగి, అందరి ముందూ చేసే పని. పర్సనల్ కోచింగ్ కూడా తప్పు కాదు. తలుపు తెరిచి ఉండాలి, ఎవరైనా ఎప్పుడైనా లోపలికి రాగలగాలి. మెసేజ్ పెట్టాలంటే తల్లిదండ్రులున్న గ్రూప్‌లోనే. బట్టలు మార్చుకునే గదిలో ఫోన్లు వద్దు. టోర్నమెంట్‌కి వెళ్తే కోచ్, పిల్లలు ఒకే గదిలో పడుకోవడం ఉండదు. ఫిజియో దగ్గరికి పంపేటప్పుడు ఇంకో పెద్దవాళ్లు ఉండాలి. వాళ్లు ఊరికే కూర్చుంటే చాలదు, ఏం చేస్తున్నారో కనబడాలి. నాసర్ కొన్నిసార్లు తల్లి గదిలో ఉండగానే, ఆమెకు కనబడకుండా తన ఒళ్లు అడ్డం పెట్టి చేశాడు.

ఈ నియమాలు పెడితే మంచి కోచ్‌లు బాధపడతారని కొందరంటారు. నాకైతే ఎప్పుడూ బాధ కలగలేదు. రేపు నా మీద తప్పుడు మాట వస్తే నన్ను కాపాడేది కూడా ఆ తెరిచిన తలుపే.

ఇంకోటి, లైంగికమైనది కాకపోతే పర్వాలేదనుకోకండి. గాయంతో ఆడించడం, బరువు గురించి అందరి ముందూ ఎగతాళి చేయడం, కొట్టడం కూడా హింసే. "క్రమశిక్షణ" అనే పేరు పెట్టుకుని మా వృత్తిలో చాలా దాగింది.

అజ్ఞాత సభ్యుడు:
నేను చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడేవాణ్ని. నాకూ జరిగింది. పెద్దయ్యాక గానీ ఎవరికీ చెప్పలేదు. ఇంగ్లండ్‌లో ఆండీ వుడ్‌వర్డ్ అనే మాజీ ఆటగాడు 2016లో తనకు జరిగింది బయటపెట్టాక, అలాంటి వాళ్లు వందలమంది ఫోన్లు చేసి చెప్పుకున్నారని చదివినప్పుడు నాకు ఊపిరి ఆడింది. "ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నావు?" అని అడిగినవాళ్లతో నేను మళ్లీ మాట్లాడలేదు. నాకు పనికొచ్చింది మా అక్క ఒక్కతే. "ఇప్పుడు నీకేం కావాలి?" అని అడిగింది, నేను చెప్పింది చేసింది, నన్ను అడగకుండా ఇంకెవరికీ చెప్పలేదు. కేసు పెట్టాలా వద్దా అన్నది కూడా నాకే వదిలేసింది.

అక్కా, పాప విషయంలో ఫిర్యాదు పెద్దవాళ్లు చేయాల్సిందే, తనకు వదిలేయడానికి లేదు. మిగతావాటిలో మాత్రం తనని అడగండి. ఎవరితో మాట్లాడాలి, తమ్ముడికి చెప్పాలా వద్దా, ఏ డాక్టర్ కావాలి, ఇలాంటివి.

అజ్ఞాత సభ్యురాలు:
అందరికీ దండం అండీ. ఫిర్యాదు ఇచ్చాం. మా వారే ముందు నడిచారు. ఇప్పుడు ఈత మాన్పించేద్దామనుకుంటున్నాం. సరైనదేనా?

పిల్లలకు కౌన్సెలింగ్ చేసే సభ్యురాలు:
ముందు తననే అడగండి. మీరే మాన్పిస్తే, చెప్పినందుకు తనకే శిక్ష పడిందనుకుంటుంది. కొంతమంది పిల్లలకు కొన్నాళ్లు ఆ వాసన, ఆ విజిల్ శబ్దం కూడా పడదు. కొంతమందికి నీళ్లలోనే హాయి. విచారణ పూర్తయ్యేదాకా పిల్లలకు దూరంగా ఉండాల్సింది ఆ కోచ్, పాప కాదు. అదే మాట క్లబ్‌కి రాసివ్వండి. ట్రామా (మనసుకు తగిలిన గాయం) మీద శిక్షణ ఉన్న పిల్లల సైకాలజిస్ట్‌ని వెతకండి, మొదటిసారి మీరిద్దరూ పాప లేకుండా వెళ్లి మాట్లాడి రండి. క్లబ్ పేరెంట్స్ గ్రూప్‌లో ఎవరు ఎంత గుచ్చి అడిగినా "పోలీసులు చూస్తున్నారు" అన్న ఒక్క ముక్క మించి రాయకండి.