సర్వర్ అమెరికాలో పెడితే తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు పంచొచ్చా?

బూజుబీరువా: మా దగ్గర స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు చాలానే ఉన్నాయి. ఇక్కడ పెడితే నోటీసులొస్తాయని భయపెడుతున్నారు. సర్వర్ అమెరికాలో తీసుకుంటే మన కాపీరైట్ చట్టంతో గొడవుండదు కదా?

గోదారి_నాని: మీరుండేది ఇక్కడ, అప్‌లోడ్ చేసేది ఇక్కడి నుంచి. సర్వర్ ఎక్కడుంటే ఏం లాభం? పైగా కొన్ని పుస్తకాలకు అమెరికాలోనే ఇబ్బంది ఎక్కువ. ఒకాయన 1938లో పుస్తకం వేసి 1950లో పోయారనుకోండి. మన దగ్గర మరణం తర్వాత 60 ఏళ్లు, అంటే 2011 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. విదేశీ పుస్తకాలకు అమెరికా చట్టం చూసే తేదీ 1996 జనవరి 1. ఆ నాటికి ఇక్కడ హక్కు బతికే ఉంది కాబట్టి, అమెరికాలో ప్రచురణ నుంచి 95 ఏళ్లు. 2033 చివరిదాకా ఆగాలి.

బూజుబీరువా: పుస్తకాల స్కాన్లు ఆన్‌లైన్లో పెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటు అమెరికాదే. మన ప్రభుత్వ స్కానింగ్ ప్రాజెక్టు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు బోలెడు అందులో ఉన్నాయి. వాళ్లనెవరేం చేశారు?

గోదారి_నాని: నాలుగు ప్రచురణ సంస్థలు కేసు వేసి 2023లో గెలిచాయి. 2024 సెప్టెంబరులో అప్పీలూ పోయింది.

రెండుకాఫీ: అది అరువిచ్చే ఇంగ్లిష్ పుస్తకాల కేసు కదండీ.

బూజుబీరువా: అదీ! మన పుస్తకాల జోలికి ఎవరూ రాలేదు. సర్వర్ అక్కడుంటే...

పద్మజ_గుంటూరు: సర్వర్, సర్వర్ అని ఒకటే గోల! మా నాన్నగారు 1985లో పోయారు. 2045 చివరిదాకా హక్కులు మావి. ఆయన కథల పుస్తకం ఎవరో స్కాన్ చేసి, ప్రతి పేజీకీ అడ్డంగా తమ సైటు పేరు కొట్టి పెట్టారు. మా అమ్మకు అంకితమిచ్చిన పేజీ మాత్రం లేదు.

బూజుబీరువా: పద్మజగారూ, ఆ పుస్తకం మీరు మళ్లీ ఎప్పుడు వేశారు?

పద్మజ_గుంటూరు: వేయలేదు. అయితే? మా స్థలంలో ఇల్లు కట్టలేదని మీరొచ్చి గుడిసె వేసేస్తారా?

బూజుబీరువా: చెదలు తింటుంటే చూస్తూ కూర్చోమంటారా? ఒక రచయిత వారసులకు ఎన్ని ఉత్తరాలు రాసినా ఉలుకూ పలుకూ లేదు. పెట్టిన వారానికే నోటీసు! మీరు వేయరు, ఇంకొకరిని వేయనివ్వరు.

పద్మజ_గుంటూరు: జవాబెవరివ్వాలి? అన్నయ్య, నేను, తమ్ముడు ముగ్గురం సంతకం పెట్టాలి. పొలం తగాదాలో వాళ్లిద్దరికీ మాటల్లేవు.

గోదారి_నాని: ఇదా సంగతి! వారసులు వేయబోమంటే, మనం వేసుకోవడానికి కాపీరైట్ చట్టం సెక్షన్ 31 కింద లైసెన్సు అడగొచ్చు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న కాగితం ప్రతిని భద్రపరచడానికి స్కాన్ చేసి దాచుకోనూవచ్చు. ఊరందరికీ పంచడం వేరు.

బూజుబీరువా: అన్నదమ్ముల తగాదాకి పాఠకుడెందుకు 2045 దాకా ఆగాలి?

పద్మజ_గుంటూరు: ఆగండి. మేమూ కోర్టులో ఆగే ఉన్నాం.