మడమ వెనక నొప్పి: అల్ట్రాసౌండ్‌లో 9 మి.మీ. అని వచ్చింది, ఎమ్మారై కూడా తీయించాలా?

హన్మకొండ రన్నర్:
నాకు 42. భద్రకాళి బండ్ మీద పొద్దున్నే పరిగెత్తుతాను. సంక్రాంతి దాటాక కుడి మడమకి నాలుగు వేళ్ల పైన నొప్పి మొదలైంది. లేవగానే బాత్రూమ్ దాకా కుంటుతాను, కాసేపటికి సర్దుకుంటుంది. చేత్తో తడిమితే ఉండలా తగులుతోంది. నిన్నటి స్కాన్‌లో మడమ వెనక టెండన్ లావు ఎడమ కాలికి 5 మి.మీ., కుడికి 9. మధ్యలో నల్లటి మచ్చ, డాప్లర్‌లో రక్తప్రసరణ ఎక్కువ, చిరుగు లేదు అని రాశారు. స్కాన్ చేసినాయన పాదం ఒకసారి పైకి వంచమన్నాడు, ఒకసారి వదిలేయమన్నాడు. ఎందుకో చెప్పలేదు, జెల్లీ తుడుచుకోమని టిష్యూ ఇచ్చి పంపేశాడు. నరం తెగిందేమో, ఎమ్మారై తీయించు అని బావమరిది ఒకటే పోరు. టెన్షన్‌గా ఉంది.

ప్రోబ్ పట్టే చెయ్యి:
రేడియాలజీలో పదకొండేళ్లుగా ఉన్నాను. ముందు ఆ నరం సంగతి: అది నరం కాదండీ, పిక్క కండని మడమ ఎముకకి కట్టే టెండన్. పాదం వంచితే పోగులు బిగిసి తిన్నగా కనిపిస్తాయి. డాప్లర్‌కి, అంటే రక్తప్రసరణని రంగుల్లో చూపే పద్ధతికి మాత్రం పాదం వదులుగా ఉండాలి. బిగించినా, ఒంటి మీద ఆనించే ప్రోబ్‌ని గట్టిగా నొక్కినా ఆ సన్న రక్తనాళాలు మూసుకుపోయి తెర మీద రంగే పడదు. ఆయన చేసింది సరైన పనే, నోరు విప్పి చెప్పుంటే బాగుండేది. ప్రోబ్ కాస్త ఒరిగితే బాగున్న టెండన్ కూడా నల్లగా కనిపిస్తుంది, అందుకే నిలువుగా, అడ్డంగా రెండు రకాలుగా చూస్తాం.

మీ వివరాలన్నీ టెండినోపతి వైపే, అంటే టెండన్ తెగకుండా దెబ్బతిని లావెక్కడం వైపే చూపిస్తున్నాయి. దీనికి ఇప్పుడే ఎమ్మారై ఎందుకు? బోర్లా పడుకుని, పాదాలు మంచం బయటికి వేలాడేసి, ఎవరితోనైనా పిక్క పిసికించుకోండి. పాదం కదలకపోతే టెండన్ తెగి ఉండొచ్చు, ఆ రోజే ఆర్థో దగ్గరికి వెళ్లండి. ఇంకోటి, ఈ మధ్య సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడారా? అవి టెండన్‌ని దెబ్బతీయగలవు.

షటిల్ మామ:
నాదీ ఇదే కథ తమ్ముడూ. ఫిజియో మెట్టు అంచున నిలబెట్టి మడమ మెల్లగా కిందికి దించమన్నాడు. పైకి లేవడం మాత్రం బాగున్న కాలితో. మోకాలు చాచి 15 చొప్పున మూడుసార్లు, వంచి మళ్లీ మూడుసార్లు, రెండు పూటలా, 12 వారాలు. మొదటి పది రోజులు మెట్టు చూస్తేనే ఏడుపొచ్చేది. నొప్పి పోయాక ముచ్చటపడి స్కాన్ తీయించుకుంటే లావు పెద్దగా తగ్గలేదు, ఆ డబ్బులు దండగ! మీ డాక్టర్ని అడిగే మొదలుపెట్టు.

హన్మకొండ రన్నర్:
మా ఆవిడ పిసికింది, పాదం కదిలింది. పాత చీటీ కూడా దొరికిందండీ. పండక్కి వారం ముందు యూరిన్ ఇన్ఫెక్షన్‌కి లీవోఫ్లోక్సాసిన్, ఐదు రోజులు. రేపు రిపోర్టుతో పాటు దీన్నీ ఆర్థోకి చూపిస్తాను.