రాతి లంగరు అనవచ్చా?

ప్రశ్న: ద్వారక తీరంలో నీటి అడుగున జరిగిన పురావస్తు సర్వేల గురించి వ్యాసం రాస్తున్నాను. అక్కడ దొరికిన చిల్లుల రాళ్లను 'రాతి లంగర్లు' అన్నాను. లంగరంటే ఇనుప కొక్కెం కదా, రాయికి ఆ పేరేమిటని ఒక మిత్రులు అభ్యంతరం చెప్పారు. 'ఓడ బరువురాయి' అని మార్చమంటారా?

సమాధానం: మార్చవద్దండీ. లంగరు పారసీకం నుంచి మనకు వచ్చిన మాట; చుక్కాని, సరంగు వంటి ఓడవాళ్ల మాటలు కూడా అలా బయటినుంచి వచ్చినవే. దాని అర్థం వస్తువు ఆకారంలో కాక అది చేసే పనిలో ఉంది. ఇనుమైనా రాయైనా, ఓడను నీటిలో ఒకచోట నిలిపేది లంగరే.

1980ల్లో పురావస్తు శాస్త్రవేత్త ఎస్.ఆర్. రావు నాయకత్వంలో జాతీయ సముద్రశాస్త్ర సంస్థ బృందం ద్వారక దగ్గర గుర్తించిన ఈ రాళ్లు ఒకే రకానివి కావు. వలయంలాంటి రాయికి నడుమ ఒకే చిల్లు ఉంటుంది. అది తన బరువుతోనే ఓడను ఆపుతుంది. మూడు చిల్లుల త్రికోణపు రాయి సంగతి వేరు. పైనున్న గుండ్రని చిల్లులో మోకు కడతారు. అడుగున ఉన్న రెండు చదరపు చిల్లుల్లో కొయ్య ముక్కలు బిగిస్తారు. ఓడ లాగిన కొద్దీ ఆ కొయ్య కొనలు ఇసుకలో దిగబడి నేలను పట్టుకొంటాయి. కొయ్య ఎప్పుడో చీకిపోయింది కాబట్టి మనకిప్పుడది ఉత్త బండలా కనిపిస్తోంది గాని, మీ మిత్రులు అడుగుతున్న కొక్కెం ఒకప్పుడు దానికీ ఉండేది.

మరాఠీలో 'నాంగర్' అనే ఒక్క మాటే లంగరుకూ నాగలికీ చెల్లుతుంది. మన నాగలి, నాగలికే సంస్కృతంలో ఉన్న పేరు లాంగలం, లంగరుకు తమిళంలో ఉన్న పేరు నంగూరం అన్నీ ఒకే ఇంటివని దీన్నిబట్టి తేల్చెయ్యను. ధ్వని పోలిక చాలాసార్లు మోసం చేస్తుంది. అయినా సముద్రపు నేలను కొయ్య మొనతో గీరుతూ పోయి పట్టు దొరకబుచ్చుకొనే ఆ రాయిని తలచుకొంటే, ఆ రెండర్థాలు ఒకే మాటలో ఎలా ఇమిడాయో ఊహించడం కష్టం కాదు.

ప్రశ్న: కనీసం వలయపు రాళ్లనైనా బరువురాళ్లు అంటే?

సమాధానం: అక్కడే చిక్కుంది. ఓడ ఒరిగిపోకుండా అడుగు అరలో నింపే రాళ్లు కూడా మునిగిన ఓడల దగ్గర దొరుకుతాయి. బరువురాయి అనగానే పాఠకుడికి ముందు అవే తోస్తాయి. వీటిని 'వలయపు లంగరు' అనండి. ఇంకొక్క మాట: మూడు చిల్లుల లంగర్లను మధ్యధరా తీరపు కంచుయుగపు లంగర్లతో రావు పోల్చారు గాని, ఆ తర్వాతి పరిశోధకులు వాటిని అంత పాతవిగా ఒప్పుకోలేదు. కాబట్టి మీ వ్యాసంలో 'రాతి లంగరు'కు ముందు 'ప్రాచీన' అన్న విశేషణం ఉంటే మాత్రం తీసెయ్యండి.