ట్రైలర్‌లో బ్లాక్ ట్యాంక్ పీకేసి కంపోస్టింగ్ టాయిలెట్ పెట్టొచ్చా?

డాలస్_బావ:
అందరికీ నమస్కారం. మాది పాత ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు), నేనూ మా ఆవిడా ఇద్దరు పిల్లలు. ఈ చలికాలం అరిజోనా వెళ్లి క్వార్ట్‌సైట్ చుట్టుపక్కల ప్రభుత్వ భూముల్లో, అంటే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్ ఏవీ లేని చోట, కొన్నాళ్లు మకాం వేద్దామని ప్లాన్. ఇబ్బందల్లా బ్లాక్ ట్యాంకే, అంటే టాయిలెట్ కింద మలమూత్రాలు చేరే ట్యాంక్. 30 గ్యాలన్లది, నలుగురం కాబట్టి వారం తిరక్కుండానే నిండిపోతుంది, అప్పుడు గుడారం, కుర్చీలు, పొయ్యి అన్నీ సర్దుకుని ట్రైలర్ మొత్తాన్ని డంప్ స్టేషన్‌కి (ట్యాంకులు ఖాళీ చేసే చోటికి) లాక్కెళ్లాలి. యూట్యూబ్‌లో చూస్తే అందరూ పాత టాయిలెట్ పీకేసి నేచర్స్ హెడ్ లాంటి కంపోస్టింగ్ టాయిలెట్లు, అంటే ఫ్లష్ నీళ్లు అక్కర్లేనివి, బిగించుకుంటున్నారు, ధర వెయ్యి డాలర్ల దాకా ఉంది. కింద ట్యాంక్ కూడా తీసేస్తే ఆ జాగాలో ఇంకో మంచినీళ్ల ట్యాంక్ పెట్టొచ్చని నా ఆలోచన. మా ఆవిడేమో "బకెట్ పక్కన పడుకోవడానికా వెయ్యి డాలర్లు" అని ఒకటే గోల. వాడినవాళ్లు చెప్పండి.

ఎడారి_పిట్ట:
కళ్లు మూసుకుని పెట్టేయండి బావగారూ. మేం ఇద్దరమే, ఎక్కువగా యూటా, నెవాడా వైపు తిరుగుతాం, బ్లాక్ ట్యాంక్ ముట్టుకోవడం మానేసి చాలా కాలమైంది. వాసన అని అందరూ భయపడతారు గానీ ఆ డ్రైనేజీ కంపు ముఖ్యంగా మలమూత్రాలు రెండూ కలిసి ఊరినప్పుడు పుట్టేది. ఇందులో మూత్రం ముందున్న కన్నాల్లోంచి సీసాలోకి పోతుంది, వెనక చిన్న తలుపు తీస్తే మిగతాది కింద కొబ్బరి పొట్టులో పడుతుంది, పక్కనున్న హ్యాండిల్ నాలుగు తిప్పులు తిప్పితే పొట్టులో కలిసిపోతుంది. కిటుకంతా పొట్టు తడపడంలోనే ఉంది. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేళ్ల సందుల్లోంచి చుక్క నీరు కారకూడదు. కారిందంటే ఎక్కువైనట్టే, ఇంకాస్త పొడి పొట్టు కలపండి. చిన్న 12 వోల్టుల ఫ్యాన్ రాత్రీ పగలూ గాలిని బయటికి తోస్తూనే ఉంటుంది, రోజుకు రెండు ఆంపియర్-అవర్లు కూడా తినదు, మామూలు సోలార్ ప్యానెల్‌కి అదో లెక్కా. ఆ పొట్టు ఇటుకల మీద లేబుల్ చూస్తే ఇండియా అనో శ్రీలంక అనో ఉంటుంది, కోనసీమ మీద కూర్చుంటున్నాం అని మా ఆయన జోకు.

ఒక్క షరతు, మగవాళ్లు కూడా కూర్చునే పోయాలి. మా ఇంట్లో దీని మీద చర్చ లేదు.

వరంగల్_పిల్లోడు:
అక్కా, వాసన రాదంటే ఒప్పుకుంటా. కానీ ఆ డబ్బాలో కంపోస్ట్ అవుతుందన్న మాట మాత్రం ఒప్పుకోను. అక్కడ జరిగేది ఆరడం, అంతే. మురుగు వ్యర్థాల మీద అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ నిబంధనలు, పార్ట్ 503, తీసి చూడండి. మూసిన పాత్రలో కంపోస్ట్ చేస్తే లోపల 55 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం మూడు రోజులు నిలవాలని ఉంటుంది. ట్రైలర్ బాత్రూంలో ఉండే చిన్న డబ్బాకి ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది, పైగా రోజూ కొత్తది పడుతూనే ఉంటుంది, ఫ్యాన్ ఉన్న కాస్త వెచ్చదనాన్నీ లాగేస్తుంది. ఎడారిలో డిసెంబర్ రాత్రుల చలికి ఆ సూక్ష్మజీవులు కూడా దుప్పటి కప్పుకుని పడుకుంటాయి.

మా వైపు గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో 2017 ఫిబ్రవరిలో కేంద్ర పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా మరుగుదొడ్డి గుంతలోకి దిగి ఎరువు తోడారు, పేపర్లలో ఫొటోలు కూడా వచ్చాయి. అది చేత్తో తీయగలిగారంటే కారణం రెండు గుంతల పద్ధతి. ఒకటి నిండాక మూసేసి రెండోది వాడుకుంటారు, మూసిన గుంతని ఏడాది, వీలైతే ఇంకా ఎక్కువ కాలం కదపరు. ఎండిపోయి మట్టిలా అయిందంటే అంతకాలం ఆగారు కాబట్టి. మీ డబ్బా రెండు మూడు వారాలకే నిండుతుంది, నిండిన రోజు పైన పడింది నిన్నటిది. ఏలికపాము గుడ్లు అంత తొందరగా చచ్చేవి కావు. దాన్ని తీసుకెళ్లి ఎడారిలో చెట్టు మొదట్లో పోసి "ఎరువే కదా" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎడారి_పిట్ట:
తమ్ముడూ, చెట్టు మొదట్లో పోయమని నేను అన్నానా? రెండు సంచుల్లో కట్టి చెత్తలో వేస్తాం, పిల్లల డైపర్లు వేసినట్టే. కౌంటీని బట్టి రూల్స్ మారతాయి, అడిగి వేస్తాం. అడవుల్లో ఉండే గుంత టాయిలెట్లలో సంచి మాత్రం పడేయకూడదు, పంపుకి అడ్డం పడితే ఎవరో ఒకరు కొక్కెంతో పైకి లాగాలి పాపం. సీసా టాయిలెట్ ఉన్న చోట పారబోసి కడుగుతాం. మూడు అంగుళాల గొట్టం పట్టుకుని డంప్ స్టేషన్ దగ్గర నిలబడటం కన్నా ఇది నాకు నయమే.

అనకాపల్లి_అమ్మాయి:
ఇంతమంది ఇన్ని రాశారు, అసలు సంగతి ఒక్కరూ ఎత్తలేదేంటి? కడుక్కోవడం ఎలా?

ఈ టాయిలెట్లు కాగితం వాడేవాళ్ల కోసం చేసినవి. మనకేమో చెంబో మగ్గో జెట్ స్ప్రేనో లేకపోతే పని కానట్టే ఉంటుంది, నేనైతే అమెరికా వచ్చి ఇన్నేళ్లయినా అద్దె ఇంట్లో కూడా ముందు బిగించేది అదే. ఒక్కసారికి అర లీటరు అనుకున్నా నలుగురికి రోజుకి రెండు లీటర్లు. వెనక్కి పడితే పొట్టు బురద అవుతుంది, అప్పుడు ఆరడం కూడా ఉండదు, పురుగులు, కంపు. ముందుకి పోతే సీసా అనుకున్న దానికన్నా ముందే నిండుతుంది, పైగా మలం అంటిన నీళ్లు అందులో చేరతాయి. నీళ్లు వాడేవాళ్ల కోసం వేరే డిజైన్ లేకపోలేదు. తమిళనాడులో తిరుచ్చి దగ్గర ముసిరిలో కట్టిన ఎకోశాన్ (మలమూత్రాల్ని విడివిడిగా పట్టే) మరుగుదొడ్లలో మూడు దారులుంటాయి, ఒకటి మలానికి, ఒకటి మూత్రానికి, ఇంకొకటి కడిగిన నీళ్లకి. పని అయ్యాక కాస్త పక్కకి జరిగి కూర్చుని కడుక్కోవాలి, ఆ నీళ్లు మొక్కల మడిలోకి పోతాయి. ట్రైలర్ బాత్రూంలో పక్కకి జరిగితే మోకాలు తలుపుకి తగులుతుంది, ఇంక మూడో దారి ఎక్కడ పెడతాం?

ఎడారి_పిట్ట:
అమ్మాయ్, మేం ముందు కాగితంతో తుడుచుకుని తర్వాత పక్కనే ఉన్న షవర్ పళ్లెంలో చిన్న సీసాతో కడుక్కుంటాం. అలవాటైతే నిమిషం పని.

ఆర్వీ_మామయ్య:
అక్కడే తిరకాసు తల్లీ. షవర్ నీళ్లు పోయేది గ్రే ట్యాంక్‌లోకి, అంటే స్నానం, సింకు నీళ్లు చేరే వేరే ట్యాంక్‌లోకి. అందులో మలం అంటిన నీళ్లు చేరాక పేరుకి గ్రే అయినా అది బ్లాకే. చాలామంది గ్రే కుళాయి ఇసుకలోకి వదిలేస్తుంటారు, అసలే అది చేయకూడని పని, ఇలా కడిగిన నీళ్లతో చేస్తే మరీ అన్యాయం. మీరు వదలరనే నమ్ముతాను, కానీ అప్పుడు గ్రే ట్యాంక్ మోసుకుని డంప్ స్టేషన్‌కి వెళ్లక తప్పదుగా, మరి తప్పించుకున్నదేముంది?

డాలస్ అల్లుడికి ఇంకో మాట. మీరు వెళ్లేది క్వార్ట్‌సైట్ అన్నారు. అక్కడ లా పోసా లాంటి దీర్ఘకాల క్యాంపింగ్ ప్రాంతాలకి (సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా సీజన్) ఆ ప్రభుత్వ భూములు చూసుకునే బీఎల్ఎం వాళ్ల రూల్స్ వేరే ఉన్నాయి. బండికి శాశ్వతంగా బిగించిన మురుగునీటి ట్యాంక్ ఉండాలి, కనీసం 10 గ్యాలన్లు పట్టాలి. పోర్టా పాటీలు (చేత్తో మోసుకెళ్లే చిన్న టాయిలెట్లు), విడిగా తీసి పట్టుకెళ్లే ట్యాంకులు లెక్కలోకి రావని స్పష్టంగా రాశారు. ట్యాంక్ లేకపోతే లా పోసాలో అక్కడి మరుగుదొడ్డికి 500 అడుగుల లోపలే దిగాలి. గ్రే ట్యాంక్ ఉందిగా, అది చాలదా అని వాదించేవాళ్లు ఉన్నారు. సెలవు పెట్టుకుని అంత దూరం వెళ్లేది రేంజర్‌తో వాదించడానికా? పైగా ట్యాంక్ లేని ట్రైలర్‌ని రేపు అమ్మబోతే కొనేవాడు ముఖం చిట్లిస్తాడు.

కంపోస్టింగ్ కావాలంటే పెట్టుకోండి, కానీ ట్యాంక్ జోలికి పోకండి. టాయిలెట్ తీశాక నేలలో ఉండే ఆ మూడు అంగుళాల కన్నానికి రబ్బరు బిరడా గట్టిగా బిగించండి. చాలామంది గుడ్డ కుక్కి వదిలేస్తారు, పాత ట్యాంక్‌లోంచి గ్యాస్ పైకి తన్నుతుంటే కొత్త టాయిలెట్ కంపు కొడుతోందని తిట్టుకుంటారు.

వరంగల్_పిల్లోడు:
సీసా లెక్క కూడా చూసుకో అన్నా. నేచర్స్ హెడ్ సీసా 2.2 గ్యాలన్లు, అంటే ఎనిమిది లీటర్ల చిల్లర. పెద్ద మనిషికి రోజుకి లీటరున్నర అనుకో, పిల్లలది కొంత తక్కువ వేసుకో, నలుగురికి రోజున్నరకోసారి ఖాళీ చేయాలి. ఎడారిలో అది ఎక్కడ పోస్తావ్? ఇద్దరున్న వాళ్లకి సరిపోయేది నలుగురికి సరిపోదు.

ఎడారి_పిట్ట:
నలుగురికి సీసా కష్టమే, అది ఒప్పుకుంటా, రెండో సీసా కొనాలి. ఇద్దరే ఉండి, కాగితంతో సర్దుకోగలిగి, నీళ్లు దొరకని చోట్ల తిరిగేవాళ్లకి ఇంతకన్నా మంచిది లేదన్న మాట మీద మాత్రం నేను కదలను. మామూలు ట్రైలర్ టాయిలెట్‌లో ఒక్కో ఫ్లష్‌కి లీటరు అటూ ఇటూ మంచినీళ్లు పోస్తాం, అదే నీళ్లతో మేం ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ ఉంటాం.

డాలస్_బావ:
అందరికీ థాంక్స్. కడుక్కునే సంగతి మా ఆవిడకి చదివి వినిపించా, "నేను మొదటి రోజే అన్నా కదా" అంది, అనలేదు, అయినా సరే. ట్యాంక్ అలాగే ఉంచుతున్నా, జెట్ స్ప్రే కూడా. మరి వారానికోసారి ట్రైలర్ మొత్తం సర్దుకుని కదలడం తప్పించుకోవడానికి దారేమైనా ఉందా మామయ్య గారూ?

ఆర్వీ_మామయ్య:
ఉంది. చక్రాలున్న టోట్ ట్యాంక్ దొరుకుతుంది. బ్లాక్ ట్యాంక్‌లోంచి గొట్టంతో దాంట్లోకి దింపి, ట్రక్కు వెనక హిచ్‌కి తగిలించుకుని నెమ్మదిగా డంప్ స్టేషన్‌కి లాక్కెళ్లడమే, ట్రైలర్ కదపక్కర్లేదు. గ్యాలన్ ఎనిమిది పౌండ్ల పైమాటే, 30 గ్యాలన్లంటే 250 పౌండ్లు. అందుకని ఒకేసారి అంత పెద్దది కొనకండి, 15 గ్యాలన్లది తీసుకుని రెండు ట్రిప్పులు వేయండి. రెండు చక్రాలది వద్దు, నిండాక హ్యాండిల్ ఎత్తేసరికి నడుం పట్టేస్తుంది. నాలుగు చక్రాలది, రబ్బరు టైర్లు ఉన్నది చూడండి, ప్లాస్టిక్ చక్రాలు ఆ గులకరాళ్ల మీద నిలవవు. దింపేటప్పుడు గేజ్ మీద ఓ కన్నేసి ఉంచండి, నిండే లోపే వాల్వ్ మూసేయాలి.