నులిపురుగులకు మోదుగ గింజలా, స్కూల్లో ఇచ్చే మాత్రా?

చిన్నూ_అమ్మ: మా బాబుకి ఆరేళ్లు. ఫిబ్రవరి 10న స్కూల్లో ఆల్బెండజోల్ మాత్ర వేస్తామని కబురు పెట్టారు. మా అత్తగారేమో ఆ మాత్ర వద్దు, మోదుగ గింజల పొడి తేనెలో కలిపి పెడదాం అంటున్నారు. ఏది మంచిది?

చెట్టుమందు: అత్తగారి మాటే వినండి. పలాశ బీజం, అంటే ఈ మోదుగ గింజే, కృమిఘ్నమని (పురుగుల్ని చంపేదని) ఆయుర్వేదం ఎప్పుడో చెప్పింది. గింజలు నానబెట్టి, పైతోలు తీసి, ఎండబెట్టి పొడి చేస్తారు. మూడు రోజులు ఇచ్చి నాలుగో రోజు ఆముదం పడితే ఏలికపాములు బయటికొచ్చేస్తాయి. చెట్టు నుంచి వచ్చిందానికి సైడ్ ఎఫెక్టులేముంటాయి?

మందులషాపు: ఆ చివరి మాట దగ్గరే పేచీ. గింజ పనిచేస్తుందని నేనూ ఒప్పుకుంటా. అందులో పలాసోనిన్ అనే రసాయనం ఉంటుంది. ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే పురుగుల్లో ఉండే కాంథారిడిన్‌కి ఇది సొంత తమ్ముడు, నిర్మాణంలో ఒక్క మిథైల్ గుంపే తేడా. తామరకి ఇదే గింజని నిమ్మరసంతో నూరి రాస్తారు కదా, చర్మం ఎర్రబడి మంటెత్తుతుంది. మోతాదు మించితే వాంతులు, తల తిరగడం, కిడ్నీలకి కూడా ముప్పు. ఇంట్లో చెంచాతో కొలిచి ఆరేళ్ల పిల్లాడికి పెట్టే వస్తువా ఇది? మాత్రకైతే లెక్క ఉంది: రెండేళ్లు దాటితే 400 మిల్లీగ్రాములు, ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకి సగం.

చెట్టుమందు: మాత్ర వేసినా ఆర్నెల్లకి మళ్లీ పురుగులే. అందుకేగా ఆగస్టు 10న ఇంకోసారి వేస్తున్నారు!

మందులషాపు: మళ్లీ రావడం మాత్ర తప్పు కాదండీ. ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. మోదుగ తిన్నా మట్టి చేతులు నోట్లో పెడితే అంతే. మాత్రకీ లోటుంది, పేగుల్లోనే ఉండే కొరడా పురుగులనే ఇంకో రకం మీద ఒక్క డోసు అంతగా పనిచేయదు.

వైద్యశాల: నేను ఆయుర్వేదమే చదివాను, అయినా ఇక్కడ చెట్టుమందు గారి వైపు రాలేను. చరకుడు తన సంహితలో విమానస్థానం అనే భాగంలో మూడు మెట్లు చెప్పాడు: పురుగుని బయటికి లాగడం, అది పెరిగే పరిస్థితిని చెడగొట్టడం, కారణాన్ని మానడం. మనవాళ్లు మొదటిది పట్టుకుని మూడోదాన్ని గాలికొదిలేస్తారు. ఇంకో మాట, కృమిముద్గర రసం అనే ఆయుర్వేద మందులో కూడా మోదుగ గింజే ఉంటుంది, కానీ దాంతోపాటు పాదరసం, విషముష్టి అనే విషపు గింజ కూడా పడతాయి. పేరు చూసి కొనుక్కొచ్చి పిల్లలకి వేయకండి.

చెట్టుమందు: సరే, పిల్లాడికి మాత్రే వేయించండి. పెద్దవాళ్లకైతే వైద్యుడి చేతిమీదుగా మోదుగే మేలని ఇప్పటికీ అంటాను.

వైద్యశాల: గర్భిణులకి మాత్రం అదీ వద్దు.

చిన్నూ_అమ్మ: మాత్రే వేయిస్తాను. అత్తగారికి ఎలా చెప్పాలన్నదే ఇప్పుడు టెన్షన్.